మొదటి తూటా, రెండో తూటా

పిస్తోలు పేలినప్పుడు తూటా వెనకాలే వేడి వాయువు కూడా బయటికి దూకుతుంది. అందులో కొంత భాగాన్ని మూతి దగ్గర కోసిన కంతల గుండా పైకి మళ్లిస్తే, అది మూతిని కిందికి నొక్కుతుంది. పేలిన ప్రతిసారీ పైకి ఎగిరే మూతి అప్పుడు కొంచెం తక్కువ ఎగురుతుంది. ఈ ఏర్పాటునే కాంపెన్సేటర్ అంటారు. పోటీ షూటింగ్ చేసేవాళ్ల పిస్తోళ్ల మీద ఇది చాలాకాలంగా ఉన్నదే. కొన్నేళ్లుగా అమెరికాలో చొక్కా కింద దాచి మోసే చిన్న పిస్తోళ్ల మీదికీ కంపెనీలు దీన్ని తెచ్చాయి. దాచి మోసే ఆయుధానికి ఇది తగినదేనా అన్న వాదం అక్కడ గట్టిగా నడుస్తోంది. అక్కడ స్థిరపడిన మనవాళ్ల వెంట ఆ వాదం సంగారెడ్డి జిల్లా కొండాపూర్ దాకా వచ్చింది. సాతవాహనుల నాటి నాణేలూ మట్టిబొమ్మలూ బయటపడ్డ కొండాపూర్ ఇది. హైదరాబాద్ ఐటీ వాళ్ల కొండాపూర్ వేరు.

వాదించింది ఇద్దరు. మామ ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో చార్జ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. అల్లుడు ఆయన అక్క కొడుకు. టెక్సస్‌లో గ్యాస్ స్టేషన్, దానికి ఆనుకుని ఉన్న చిన్న దుకాణం నడుపుతాడు. అమెరికా పౌరసత్వం వచ్చింది. తిరిగి వెళ్లగానే కొనాలనుకున్న పిస్తోలు బొమ్మను ఫోన్లో మామకు చూపించడంతో మాట మొదలైంది. నేను విన్నంత రాస్తున్నాను. నా మొగ్గు ఎటు ఉందో దాచను.

మామ: స్లైడు ముందల పైకి కంత ఉన్నది. బ్యారెల్ దానికన్న ఎనకనే ఆగిపోయింది గదా?

అల్లుడు: అవు మామా. సిగ్ సావర్ పీ365 ఎక్స్-మాక్రో కాంప్. 2022ల వచ్చింది. బ్యారెల్ 3.1 అంగుళాలే. స్లైడు దానికన్న ముందుకు పోయి, ఆ మిగిలిన జాగల కంత పెట్టిన్రు. మూతికి వేరే ముక్క బిగించే పని లేదు, అందుకే పొడుగు పెరగలే. 9 ఎంఎం. మ్యాగజైన్ల 17 తూటాలు పడ్తయి.

మామ: గంత చిన్నదాంట్ల 9 ఎంఎం అంటే బాగనే తంతది.

అల్లుడు: నేను చెప్పేదీ గదే. పెద్ద పిస్తోలైతే దాని బరువే తన్నుడును ఆపుకుంటది. చిన్నదాంతోని గది కాదు. మొదటి తూటా ఎవరైనా మంచిగనే కొడ్తరు. రెండో తూటా కొట్టేటాలకు మూతి పైకి లేస్తది, గురి చూసే ఎర్రచుక్క అద్దంలకెల్లి మాయమైతది. అది మళ్ల దిగేదాక ఆగాలె. కంత ఉన్నదాంట్ల చుక్క అద్దంలనే ఆడ్తది, బయటికి పోదు. రేంజ్‌ల కిరాయికి తీసుకుని కొట్టి చూసినంకనే చెప్తున్న. మా ఇంటామెకు మణికట్టు నొప్పి. ఆమెకైతే నాకన్న ఎక్కువ ఫరక్ తెలిసింది.

మామ: నాకు మజిల్ బ్రేక్ కొత్త కాదు రా. మా ఫ్యాక్టరీల తయారయ్యే సారథ్ యుద్ధ బండి మీద 30 ఎంఎం తుపాకి ఉంటది. రష్యావోళ్ల డిజైను, 2ఏ42. దాని మూతికి ఉన్నది మజిల్ బ్రేకే. నేవీకి ఇచ్చే సీఆర్‌ఎన్-91 కూడ గా తుపాకి నుంచి వచ్చిందే. వాయువును పక్కలకు కొట్టిస్తే ఎనక్కు తన్నుడు తగ్గుతది. దాంట్ల నాకు అనుమానం లేదు. బోరు పైపు మూతిని కిందికి తిప్పి మోటరు వేస్తే పైపు పైకి ఎట్ల లేస్తదో, మీ పిస్తోలుకు గదే పని తిరగేసి చేస్తున్నరు. అయితే సారథ్ బండిల తుపాకి కొట్టేటోడు ఇనుప గోడల లోపల కూసుంటడు. నీ పిస్తోలు మూతికి పైన ఏమున్నది? నీ మొఖమే గదా.

అల్లుడు: చేతులు చాపి కొడ్తం గదా మామా. మొఖానికీ మూతికీ దూరం ఉంటది. నాకు ఏం తగల్లే.

మామ: రేంజ్‌ల చేతులు చాపినవ్. మీ దుకాణంల కౌంటరు ఎనక ఎంత జాగ ఉంటది? మీద పడ్డోడు నీ చెయ్యి చాపనిస్తడా?

ఇక్కడ నేను కాసేపు ఆగాలి. దాచి మోసే పిస్తోలుకూ పందెం పిస్తోలుకూ అసలు తేడా ఈ ప్రశ్నలోనే ఉంది. పందెంలో షూటర్ నిలబడే చోటు, గురి, వెలుతురు అన్నీ ముందే తెలుసు. ఆత్మరక్షణ అవసరం చెయ్యి చాపేంత దూరంలో కూడా పడవచ్చు. అందుకే అమెరికాలో శిక్షకులు పిస్తోలును పక్కటెముకలకు ఆనించి పట్టుకుని, రెండో చేత్తో దాడి చేసేవాణ్ణి తోస్తూ కాల్చడం నేర్పిస్తారు. ఆ భంగిమలో మూతి ఛాతీ కింద ఉంటుంది. కంతలోంచి లేచే వేడి వాయువు, కాలని మందు రేణువులు, తూటా పైతొడుగు నుంచి రాలే రాగి పొడి గడ్డం మీదుగా కళ్లవైపే వస్తాయి. సాదా పిస్తోలులో అదంతా ముందుకు పోతుంది. అల్లుడికి ఇది తెలియనిదేం కాదు. శిక్షణ తీసుకున్న మనిషి.

అల్లుడు: దానికీ ఉపాయం నేర్పిస్తరు. పిస్తోలును జర బయటికి వంచి పట్టుకుంటే పొగ పక్కకు పోతది.

మామ: నేర్పిస్తరు, మంచిదే. మీద పడ్డప్పుడు అది గుర్తుండాలె గదా. సాదా పిస్తోలుకైతే గుర్తుపెట్టుకునే పనే లేదు. పానం మీదికొచ్చినప్పుడు గుర్తుంచుకోవాల్సినయి ఎన్ని తక్కువుంటే గంత మంచిది.

అల్లుడు: సరే, ఇంకో లెక్క చెప్త. 1986 ఏప్రిల్ 11న మయామిల బ్యాంకు దొంగలతోని జరిగిన కాల్పులల్ల ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు చనిపోయిన్రు. అప్పుడు తప్పు 9 ఎంఎం తూటా మీద పడ్డది. 10 ఎంఎంకు పోయిన్రు, అది చేతికి లొంగలే. తర్వాత .40కు వచ్చిన్రు. ఇన్నేండ్లు తిరిగి 2014ల వాళ్ల ట్రైనింగ్ విభాగమే మళ్ల 9 ఎంఎం చాలన్నది. ఎందుకు? తన్నుడు తక్కువైతే మనిషి తొందరగ, సరిగ్గ కొడ్తడని. తన్నుడు తగ్గిచ్చుడు ఫ్యాషన్ కాదు మామా, అనుభవం మీద తేలిన ముచ్చట.

మామ: మంచి మాట చెప్పినవ్. మరి వాళ్లు తూటా మార్చిన్రు, మూతికి కంత కోసిన్రా? ఇప్పుడు వాళ్లు మోసే గ్లాక్‌లకు కాంపెన్సేటర్ ఉన్నదా?

అల్లుడు: లేదు.

మామ: గ్లాక్ కంపెనీ దగ్గర కంతల పిస్తోలు లేకనా?

అల్లుడు: ఉన్నది. 19సీ అని ఎప్పటినుంచో ఉన్నది. కాని దాంట్ల కంతలు బ్యారెల్‌కే కోస్తరు. తూటా బయట పడకముందే వాయువు పోతది గనుక వేగం జర తగ్గుతది. నేను చూపించింది గది కాదు. తూటా బ్యారెల్ దాటినంకనే వాయువు కంతలకు వస్తది.

మామ: దాంట్ల కూడ వేగం పోయింది గదా? కంతకు జాగ ఇయ్యనీకి బ్యారెల్ పొట్టి చేసిన్రు. గంత పొడుగు స్లైడుల పొడుగు బ్యారెలే పెట్టొచ్చు.

అల్లుడు: పోయింది కొంచెమే. కౌంటరు దూరంల అది లెక్కలకు రాదు.

ఈ ఒక్క విషయంలో అల్లుడిదే పైచేయి. అర అంగుళం బ్యారెల్ తగ్గితే పోయే వేగం ఈ దూరాల్లో పట్టించుకోదగింది కాదు. మామ కూడా దాన్ని లాగలేదు. ఆయన మనసు వేరేచోట ఉంది.

మామ: రేంజ్‌ల ఏ తూటా కొట్టినవ్?

అల్లుడు: ప్రాక్టీసుకు కొట్టేదే. 115 గ్రెయిన్లది.

మామ: జేబుల మోసేది?

అల్లుడు: 124 గ్రెయిన్ల హాలో పాయింట్.

మామ: కాంపెన్సేటర్ నడిచేదే వాయువు మీద. ఏ తూటా ఎంత మందు కాలుస్తది, మూతి దగ్గర ఎంత ఒత్తిడి మిగుల్తది అన్నదాని మీద దాని పని ఉంటది. ఒక తూటాతోని పరీక్ష చేసి ఇంకో తూటా మోస్తే ఆ పరీక్ష చెల్లదు. ఇంకోటి, స్లైడును ఎనక్కు నూకే జోరుల కొంత ఈ కంత తినేస్తది. తూటా బలంగ ఉండి పట్టు గట్టిగ ఉంటే ఏం కాదు. తూటా బలహీనంది, మణికట్టు మెత్తది అయితే స్లైడు పూర్తిగ ఎనక్కు రాకుంట ఖాళీ తూటా ఇరుక్కునే అవకాశం పెరుగుతది. మీ ఇంటామెకు మణికట్టు నొప్పి అన్నవ్ గదా. ఎవరికి ఎక్కువ సుఖమని కొంటున్నవో, వాళ్ల చేతిలనే ముందల ఆగొచ్చు.

అల్లుడు కాసేపు మాట్లాడలేదు. తుపాకుల మీద శిక్షణ తీసుకుని నేర్చుకున్న జ్ఞానానికీ, ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో ఇనుము పనిచేసే తీరు చూసిన అనుభవానికీ తేడా ఇలాంటిచోటే తెలుస్తుంది. మామ చెప్పింది తన ఊహ మీద కాదు. తూటా మందు జోరు, స్ప్రింగు బిగువు, స్లైడు బరువు ఒకదానికొకటి తూగితేనే పిస్తోలు నడుస్తుంది. మూతికి వేరే ముక్క బిగించే పాతరకం కాంపెన్సేటర్లతో ఈ తూకం మరీ ఎక్కువగా చెడేది, ఎందుకంటే బ్యారెల్ వంగి తాళం విడిపించుకునే బ్రౌనింగ్ పద్ధతిలో ఆ అదనపు బరువు కూడా బ్యారెల్‌తో పాటే కదలాలి. స్లైడులోనే కంత పెట్టడం ఆ దోషాన్ని చాలావరకు తీసేసింది. పూర్తిగా తీసేసిందని మాత్రం అనలేం.

అల్లుడు: రాత్రి మంట ముచ్చట కూడ అంటవనుకున్న.

మామ: అంటున్న. నీ దుకాణంల భయం పొద్దుగూకినంకనే గదా? చీకట్ల కంతలకెల్లి లేచే మంట నీ కండ్లకూ గురికీ మధ్యలనే లేస్తది.

అల్లుడు: ఆత్మరక్షణ తూటాలకు మంట తక్కువ వచ్చే మందు నింపుతరు. నేను చూసినకాడికి మంట పెద్దగ లేదు.

మామ: వెలుగుల చూసినవ్. చీకట్ల చూడు. చూసినంక చెప్పు, ఒప్పుకుంట.

మాట ఇక్కడి నుంచి పాశమైలారానికి మళ్లింది. మామ తమ్ముని కొడుక్కి అక్కడ చిన్న యూనిట్ ఉంది. జీతాల రోజుల్లో డబ్బు పట్టుకుని తిరగాలని పిస్తోలు లైసెన్సుకు పెట్టుకున్నాడు. అల్లుడు ఆయనకూ ఇదే సలహా ఇచ్చాడు: ఏది కొన్నా దాని మూతికి ఒక కాంపెన్సేటర్ చేయించుకోమని. పటాన్‌చెరు, బొల్లారం పట్టీలో మిల్లింగ్ మెషీన్లకు కొదవ లేదు, చెయ్యి తిరిగిన ఫిట్టర్లకూ లేదు. మామ గొంతు మొదటిసారి పెరిగింది ఇక్కడే.

మామ: ఆ మాట ఇంకోపారి అనకు. ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద లైసెన్సు లేకుంట తుపాకి తయారు చేసుడే కాదు, మార్చుడు, రిపేరు చేసుడు కూడ నేరమే. 2019ల చట్టం మార్చినంక దానికి ఏడేండ్లకు తక్కువ లేదు, యావజ్జీవం దాక పోవచ్చు. ఏ షాపుల ఏ పిల్లగాడో నాలుగు వందలకు ఆశపడి కంత కోస్తడు, బతుకు పాడైతది. మీ బావ మీద కూడ కేసు పడ్తది.

అల్లుడు: అమెరికాల ఇది షాపుకు పోయి పని చేయించుకునేంత మామూలు మామా. అలవాటుల అన్న.

మామ: ఇంకోటి చెప్త. ఇక్కడ 9 ఎంఎం పౌరులకు లేదు, ప్రొహిబిటెడ్ బోర్. మామూలు మనిషికి దొరికేది .32. కాన్పూర్ల 2014ల చేసిన నిర్భీక్ రివాల్వర్, 2023ల వచ్చిన ప్రబల్ అన్ని .32లే. అమెరికా లెక్కలల్లనే చూడు. 9 ఎంఎంకు గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్ఐ. .32 పిస్తోలు తూటాకు 20,500. .32 రివాల్వర్ తూటాకు 15,000. పైంగ రివాల్వర్‌ల సిలిండరుకూ బ్యారెల్‌కూ మధ్య సందుల కొంత వాయువు ముందే పోతది. కాంపెన్సేటర్‌కు తినడానికి ఏం మిగిలింది? దానికి తన్నుడే అంతంత.

అల్లుడు: నిర్భీక్ అంటే ఆడోళ్ల కోసమని తెచ్చిందేనా?

మామ: గదే. ఢిల్లీ బస్సుల అత్యాచారానికి బలైన నిర్భయ పేరును తలపించేటట్టు పెట్టిన్రు. అర కిలో బరువు. 2014ల వచ్చినప్పుడు ధర 1,22,360 రూపాయలు. ఏ ఆడబిడ్డ కొనగల్గుతదో చెప్పు. బతుకు భయంతోని బస్సుల పోయేటామె కొనేటిది కాదది.

అల్లుడు: మరి ఇక్కడ దాచి మోయొచ్చునా అసలు?

మామ: దాచే మోయాలె. 2016 ఆయుధాల రూల్స్‌ల రాసిన్రు. బహిరంగ జాగల పిస్తోలు హోల్‌స్టర్‌ల ఉండాలె, పూర్తిగ కప్పి ఉండాలె, నీ అదుపుల ఉండాలె. తీసి ఊపుడు, పెండ్లిల గాలిలకు కొట్టుడు నేరం. లైసెన్సుకు ముందల శిక్షణ సర్టిఫికెట్, పోలీసు రిపోర్టు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఠాణల జమ చేయించుకుంటరు.

రెండు దేశాల మధ్య తేడా ఇక్కడ వింతగా కనిపిస్తుంది. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టం అడ్డుపడని, ఇరవై ఒక్కేళ్లు నిండిన మనిషి పర్మిట్ లేకుండానే పిస్తోలు మోయవచ్చు. అయినా మద్యం అమ్మకమే ప్రధాన ఆదాయమైన బార్లలోకి తీసుకెళ్తే నేరం. ఇక్కడ లైసెన్సు రావడమే గగనం, వచ్చాక దాన్ని కనిపించకుండా పెట్టుకోవాలన్నది నియమం. అక్కడ ప్రశ్న ఏ పిస్తోలు అన్నది. ఇక్కడ అసలు ఎందుకు అన్నది. ఆ రెండో ప్రశ్నను అల్లుడు తనంతట తానే ఎత్తుకున్నాడు.

అల్లుడు: 2017 ఫిబ్రవరి 22 నేను మర్చిపోను మామా. కాన్సస్‌ల ఒలేథ్. శ్రీనివాస్ కూచిభొట్ల. మన హైదరాబాద్ పిల్లగాడు, గార్మిన్‌ల ఇంజనీరు. దోస్తుతోని బార్ల కూసున్నోణ్ణి మీ దేశానికి పోండని అరిచి ఒకడు కాల్చి చంపిండు. పక్కనున్న అలోక్ మాడసానికి తూటా తగిలింది. ఆ రాత్రినుంచే నాకు దుకాణంల ఒంటరిగ నిలబడాలంటే భయం.

మామ: నాకూ యాదికున్నది. ఆ రాత్రి ఎదురు నిలబడ్డది ఎవరు?

అల్లుడు: ఇయన్ గ్రిల్లట్. తెల్లాయన. తూటాలు అయిపోయినయనుకుని ఖాళీ చేతులతోని ఎంట పడ్డడు. ఆయనకూ తూటా తగిలింది, బతికిండు.

మామ: శ్రీనివాస్ దగ్గర పిస్తోలు ఉండేటందుకు ఆ దేశపు చట్టమే ఒప్పదు గదా?

అల్లుడు: హెచ్-1బీ మీదున్నోళ్లకు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి నిషేధమే. వేట లైసెన్సు లాంటి ఒకట్రెండు మినహాయింపులు తప్ప. ఎఫ్-1 స్టూడెంట్లకు అంతే. గ్యాస్ స్టేషన్లల్ల రాత్రి డ్యూటీ చేసే మన పిల్లలు చానమంది ఇట్లాంటోళ్లే. పౌరసత్వం ఉన్నది గనుక నేను మోయగల్గుతున్న.

మామ: అంటే నీ కౌంటరు ఎనక నువ్వు లేని రాత్రి నిలబడే పిల్లగానికి ఈ పిస్తోలు పనికిరాదు. వాడు దాన్ని ముట్టుకుంటేనే వాని వీసా, బతుకు అన్ని పోతయి. కంత ఉన్నదా లేదా అన్నదానికన్న ముందల ఇది ఆలోచించు. మంచి కెమెరాలు, రాత్రి కిటికీల నుంచే సామాన్లిచ్చే ఏర్పాటు, గల్లల నగదు తక్కువ పెట్టుడు. ఆ పిల్లగానికి దక్కేవి ఇవే.

అల్లుడు: కిటికీ పెట్టించిన. కెమెరాలు ఉన్నయి. పిస్తోలు నా కోసం, నేనుండే గంటల కోసం. ఇవన్నీ చేసినంక కూడ మిగిలే భయం కోసం.

మామ: అట్లయితే నీతోని కొట్లాడ. మోయి. కాని మొదటి తూటా కోసం మోయి. నీకు రెండో తూటా తొందరగ వస్తదని మొదటి తూటాను కష్టం చేసుకోకు. తీసేటప్పుడు చొక్కాల చిక్కుకోవద్దు, పక్కటెముకల కాడికెల్లి కొడితే నీ కండ్లు నీవే మూసుకోవద్దు, చీకట్ల గురి పోవద్దు, తూటా ఇరుక్కోవద్దు. ఇవన్నీ అయినంక రెండో తూటా.

నేను మామ వైపే. కాంపెన్సేటర్ పనిచేయదని కాదు, చక్కగా పనిచేస్తుంది. అయితే అది పనిచేసేది చేతులు చాపి, వెలుతురులో, వరసగా తూటాలు కొట్టే చోట. దాచి మోసే మనిషికి ఆ చోటు దొరకడం అరుదు. ఇంత చెప్పినా అల్లుడు మామ మాటకు పూర్తిగా తలొగ్గలేదు. తలొగ్గకపోవడానికి ఆయన దగ్గర కారణం ఉంది.

అల్లుడు: పరీక్ష చేస్త. కంత ఉన్నదీ లేనిదీ రెండు కిరాయికి తీసుకుని, మోసే తూటాతోనే కొడ్త. లైట్లు తగ్గించే రేంజ్ మా దగ్గర ఒకటున్నది, అక్కడ. పక్కటెముకలకు ఆనించి కూడ, కండ్లద్దాలు పెట్టుకుని, ట్రైనర్ ముందు. అన్నిట్ల కంత ఉన్నదే గెలిస్తే?

మామ: గెలిస్తే కొను. నీ చెయ్యి నీకు తెలుస్తది. కాని పరీక్షల ఏ తూటా వాడినవో గదే జేబుల పెట్టు. అగ్గువకు దొరికిందని వేరే డబ్బా తేకు.

అల్లుడు: మాటిస్తున్న. మా ఇంటామె సంగతి మాత్రం వేరే. ఇప్పుడున్న చిన్న సాదా పిస్తోలుతోని రెండు మ్యాగజైన్లు కొడితే చెయ్యి వాస్తున్నది. నొప్పికి భయపడి ప్రాక్టీసుకు వచ్చుడే మానేసింది. ప్రాక్టీసు లేకుంటే నువ్వు చెప్పే మొదటి తూటా కూడ తగలదు.

మామ: అది నిజం. దాన్ని నేను కాదనలేను. అట్లయితే ముందల ఆమె చేతికే పరీక్ష పెట్టు. ఐదు మ్యాగజైన్లు నిండుగ కొట్టనీయి. ఒక్కసారి కూడ ఇరుక్కోవద్దు.

అల్లుడు: ఇరుక్కుంటే?

మామ: ఇరుక్కుంటే కంత లేని పెద్ద పిస్తోలు కొనియ్యి, బరువుది. దాచుడు కష్టమైతది, సంచిల పెట్టుకోవాల్సి వస్తది, ఎండాకాలం చొక్కా కింద ఆగదు. అయినా బరువు తన్నుడును ఆపుతది, ఏ తూటా వేసినా ఒకటే తీరుగ ఆపుతది.

అల్లుడు: ఆమె సంచిల మోయదు మామా. సంచి దుకాణంల ఒకచోట, మనిషి ఒకచోట ఉంటరు.

మామ: అయితే నడుముకు కట్టుకునే బెల్టు మంచిది చూడు, పిస్తోలు కొనకముందే. మెత్తని బెల్టుకు ఏ పిస్తోలైనా జారుతది. ఆమెతోని మాట్లాడు, నాతోని కాదు. మోసేది ఆమె.